అడిగారు సరే, విన్నారా? ఐస్‌లాండ్ కథ

మొన్న తిరుపతి పక్కనే ఉన్న మా ఊళ్లో గ్రామసభ అంటే పోయాను. షామియానా, ముప్పై దాకా ప్లాస్టిక్ కుర్చీలు, పనుల జాబితా అప్పటికే టైపు చేసి పెట్టుకున్నారు. నోరు తెరిచేలోపే రిజిస్టరు ఒళ్లోకి వచ్చింది, "సంతకం పెట్టన్నా, టీ తాగి పోదువు" అంటూ. పక్కనున్న మా మామ "ఏందిరా ఇది, మనల్ని అడిగినట్టా, మనకు చెప్పినట్టా?" అన్నాడు.

జనాన్ని నిజంగానే కూర్చోబెట్టి అడిగిన దేశం ఐస్‌లాండ్. దేశం అనగానే పెద్దగా ఊహించుకోకండి, అప్పట్లో వాళ్ల జనాభా 3.2 లక్షల దాకా ఉంటే, 2011 లెక్కల్లో మన తిరుపతి నగరమే 2.87 లక్షలు. అంత చిన్న చోట మూడు బ్యాంకులు బయటి దేశాల్లో ఎడాపెడా అప్పులు తెచ్చి, దేశం ఏడాది సంపాదనకు తొమ్మిది పదింతలు ఉబ్బిపోయి, 2008 అక్టోబరులో వారం తిరక్కుండానే మూడూ కూలాయి. జనం శనివారం శనివారం రాజధాని రేక్యవిక్‌లో పార్లమెంటు ముందు చేరేవాళ్లు, జనవరికల్లా గిన్నెలూ గరిటెలూ తెచ్చి మోత మొదలుపెట్టారు, ఆ నెలాఖరుకు ప్రభుత్వం దిగిపోయింది.

డబ్బు పోయిన బాధ ఒకెత్తు, మనల్ని అడక్కుండా ఎవరో చేసిన పనికి మనం కట్టాలా అన్న మంట ఇంకో ఎత్తు. అందుకే రాజ్యాంగమే మళ్లీ రాసుకుందాం అన్నారు. 2010 నవంబరులో లాటరీ తీసినట్టు జనాభా జాబితాలోంచి ఎంచిన 950 మంది ఒకరోజంతా బల్లల చుట్టూ కూర్చుని, కొత్త రాజ్యాంగంలో ఏముండాలో మాట్లాడుకున్నారు. అదే నెలలో రాసేవాళ్ల కోసం ఎన్నిక, 25 సీట్లకు 522 మంది పోటీ! కానీ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. బ్యాలెట్ల మీద వరుస నంబర్లున్నాయట, ఓటేసే చోట అడ్డంగా అట్టముక్కలే పెట్టారట, రహస్యం ఎక్కడుంది అని. పార్లమెంటు ఇంచుమించు ఆ గెలిచినవాళ్లనే మండలిగా నియమించి పని నడిపించింది. వాళ్లు రాసింది రాసినట్టు నెట్‌లో పెట్టి, ఫేస్‌బుక్‌లో కూడా సలహాలు తీసుకుని, 2011 జులైకి 114 అధికరణాల ముసాయిదా ఇచ్చారు. 2012 అక్టోబరులో ఓటింగు పెడితే ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులు దీని ఆధారంగానే రాజ్యాంగం తెండి అన్నారు. ఓటుకు వచ్చింది సగం లోపే అని గిట్టనివాళ్లు సాగదీశారు, 2013లో పార్లమెంటు దాన్ని ఆమోదించకుండానే ముగిసింది. ఆ ఏప్రిల్ ఎన్నికల్లో గెలిచింది ఎవరో తెలుసా? కూలిపోకముందు ఏళ్ల తరబడి కలిసి ఏలిన రెండు పార్టీలే.

మరి అడగడం దండగేనా అంటే, అదే దేశంలో ఐస్‌సేవ్ గొడవ చూడండి. కూలిన బ్యాంకుల్లో ఒకటి బ్రిటన్, నెదర్లాండ్స్‌లో ఐస్‌సేవ్ పేరుతో ఆన్‌లైన్ డిపాజిట్లు తీసుకుంది. ఆ దేశాలు తమ జనానికి డబ్బు ఇచ్చేసి, మాకు మీరు తిరిగి కట్టండి అని ఐస్‌లాండ్ మీద పడ్డాయి. పార్లమెంటు సరేనంది, అధ్యక్షుడు ఓలాఫుర్ రాగ్నార్ గ్రిమ్సన్ సంతకం పెట్టనన్నాడు, దాంతో అది జనం ఓటుకు వెళ్లింది. 2010 మార్చిలో ఓటేసినవాళ్లలో 93 శాతానికి పైగా వద్దన్నారు, షరతులు మార్చి 2011 ఏప్రిల్‌లో మళ్లీ అడిగినా వద్దనే అన్నారు. 2013 జనవరిలో ఎఫ్టా కోర్టు (ఐస్‌లాండ్, నార్వే, లీక్టెన్‌స్టైన్‌ల ఉమ్మడి కోర్టు) కూడా ఐస్‌లాండ్ వైపే తీర్పిచ్చింది.

తేడా ఒక్కటే. అధ్యక్షుడు సంతకం పెట్టకపోతే జనం ఓటే ఆఖరు అని రాజ్యాంగంలో రాసి ఉంది, 2012 ఓటింగేమో ఉత్త సలహా. ఆ రాసి ఉన్నది కూడా 1944 నాటి పాత రాజ్యాంగంలోనే. అక్కడ ఇప్పటికీ నడుస్తున్నది, సవరణలతో, అదే.