బూడిద తెగులు ఆకు మీదే ఉంటుంది

సంక్రాంతి నెలలో శ్రీకాకుళంలోని మా పెరట్లో ఆనపపాదు ఆకుల మీద ముగ్గుపిండి జల్లినట్టు తెల్లటి మచ్చలు లేచాయి. పక్కింటి పిన్ని చూసి, "బూడిద తెగులమ్మా ఇది, పుల్ల మజ్జిగ కొట్టు" అంది. వేలితో రాస్తే ఆ తెలుపు వేలికి అంటుకొచ్చింది. కింద ఆకు ఇంకా పచ్చగానే ఉంది.

తెగుళ్లు తెచ్చే శిలీంధ్రాలు చాలావరకు ఆకు లోపలికి చొరబడి పెరుగుతాయి. ఇది అలా కాదు. దీని పోగులు ఆకు పైనే పాకుతూ, పైపొర కణాల్లోకి మాత్రం సన్నటి పీచుల్లాంటివి దించి ఆహారం పీలుస్తాయి. ఒళ్లంతా బయటే ఉంటుంది కాబట్టే వంటింటి మందు దీనికి తగులుతుంది. ఇంకో సంగతి, చాలా బూజు తెగుళ్లు మొలవాలంటే ఆకు తడిసి ఉండాలి. దీని సిద్ధబీజాలకు, అంటే విత్తనాల్లాంటి రేణువులకు, గాలిలో తేమ చాలు. చల్లటి రాత్రులు, పొడి పగళ్లు ఉండే పుష్యమాసం దీనికి బాగా కలిసొస్తుంది.

నేను మజ్జిగ బదులు పాలు వాడాను, దానికి పరీక్ష జరిగింది కాబట్టి. బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ గుమ్మడి కుటుంబానికే చెందిన జుకినీ మొక్కల మీద ఆవుపాలు నీళ్లలో కలిపి కొట్టి చూసి, ఫలితాలను 1999లో ప్రచురించారు. తెగులు తగ్గింది. నీళ్లలో పాల వంతు పెంచినప్పుడు, పోల్చి చూసిన రసాయన మందులకంటే బాగా పనిచేసింది. ఎండ తగిలితే పాలలోని ప్రోటీన్ల నుంచి పుట్టే చురుకైన ఆక్సిజన్ రూపాలు పోగులను దెబ్బతీస్తాయన్నది ఒక వివరణ. అందుకే ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, పొద్దున ఎండ పడేటప్పుడు, ఆకు అడుగు కూడా తడిసేలా వారానికి రెండుసార్లు కొట్టాను. ముదిరిన ఆకులు కోలుకోలేదు, కొత్త చిగుళ్లు మాత్రం శుభ్రంగా వచ్చాయి.

వంటసోడా కూడా పనికొస్తుంది. లీటరు నీళ్లకు 5 గ్రాములు, ఆకుకు పట్టడానికి కాస్త కుంకుడు రసం. దయచేసి మోతాదు మించకండి, సోడియం ఎక్కువైతే ఆకు అంచులు మాడిపోతాయి. ముందు ఒక్క ఆకు మీద కొట్టి రెండు రోజులు చూడండి.

ఇదే నమ్మకంతో వడలిన టమాటా మొక్కకూ వారం రోజులు కొట్టాను. లాభం లేకపోయింది. కాండం కోస్తే లోపల గోధుమరంగు చారలు. కోసిన ముక్కను గ్లాసు నీళ్లలో ఉంచితే పాలలాంటి జిగురు దిగలేదు, అంటే బాక్టీరియా కాదు, శిలీంధ్రపు ఎండు తెగులే అయ్యుండాలి. అది నీళ్లు మోసే నాళాల్లో కూర్చుంటుంది, ఆకు మీద కొట్టిన పాలు అక్కడిదాకా ఎలా వెళ్తాయి? మొక్కను వేళ్లతో సహా పీకి కాల్చేశాను. ఆ మడిలో ఈసారి తోటకూర చల్లాను.