మత్తడి దాకా నిండని బ్యాటరీ

లక్నవరం చెరువు ఒడ్డున చెట్ల నీడలో, పడుకునే వసతి ఉన్న మా చిన్న ట్రైలర్‌ను నిలిపి రెండు రోజులైంది. మార్చి నెల. రెండో రాత్రి మూడు గంటల వేళ ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది, దానితో పాటే ఫ్యానూ ఆగింది. టార్చి వెలుతురులో మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ టెర్మినళ్ల మధ్య 10.6 వోల్టులే ఉన్నాయి. అది ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అంటే నిల్వ సామర్థ్యపు కొలత) ట్యూబులర్ రకం సీసపు బ్యాటరీ. కొని రెండేళ్లు కూడా నిండలేదు, పైకప్పు మీది సోలార్ ప్యానెల్ పగలంతా దానికి కరెంటు పంపుతూనే ఉంది. అయినా ఎందుకు చాలలేదన్న ప్రశ్నే నన్ను ఈ విషయంలోకి లోతుగా దించింది.

హనుమకొండకు తిరిగి వచ్చాక మెకానిక్ ఒక రాత్రంతా చార్జింగ్‌కు పెట్టి, యాసిడ్ సాంద్రతను కొలిచే హైడ్రోమీటరుతో ఆరు సెల్లలోని యాసిడ్‌ను ఒక్కొక్కటిగా పీల్చి చూశాడు. నిండిన బ్యాటరీలో 1.24 దగ్గర తేలవలసిన గీత 1.18 దగ్గరే నిలిచింది. "బ్యాటరీ తప్పు కాదు సార్, దీనికి కడుపునిండా చార్జింగ్ ఎన్నడూ పడలేదు" అన్నాడు. ఆ ఒక్క మాటలో సీసపు బ్యాటరీ రసాయనశాస్త్రమంతా ఉంది. కరెంటు వాడుకునేటప్పుడు దాని ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ ఏర్పడుతుంది, చార్జి చేసినప్పుడు అది కరిగి మళ్లీ సీసంగా, సీసపు ఆక్సైడ్‌గా మారుతుంది. సగం చార్జింగ్‌తో రోజుల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేట్ పెద్ద స్ఫటికాలుగా గట్టిపడి, ఇక కరగడానికి మొరాయిస్తుంది. పైగా సీసపు బ్యాటరీ ఎనభై శాతం దాకా త్వరగానే నిండినా, చివరి ఇరవై శాతానికి కరెంటును కొద్దికొద్దిగానే తీసుకుంటుంది కాబట్టి ఆ భాగానికే నాలుగైదు గంటలు పడుతుంది. ప్యానెల్‌కు గట్టి ఎండ దొరికేది రోజుకు దాదాపు అంతసేపే. అంటే మా బ్యాటరీ ఏ రోజూ పూర్తిగా నిండకుండానే మరో రాత్రి బరువును మోసింది.

లక్నవరం, రామప్ప, పాకాల వంటి కాకతీయుల చెరువుల మధ్య పెరిగిన వారికి ఈ లెక్క కొత్త కాదు. చెరువుకు వాగు నుంచి ఎంత నీరు వస్తుంది, తూము గుండా ఎంత పోతుంది, ఏ ఏడు నిండి అలుగు మీదుగా మత్తడి పోస్తుంది అన్నవి తెలియకుండా కట్టను మాత్రం ఎత్తు చేస్తే పొలానికి ఒరిగేదేమీ ఉండదు. బ్యాటరీ చెరువు, ప్యానెల్ వాగు, ఫ్యానూ ఫ్రిజ్జూ తూములు. కొత్త బ్యాటరీ కొనడానికి ముందు నేను చేయవలసిన పని తూముల లెక్క రాసుకోవడమని అప్పుడు అర్థమైంది.

ఆ లెక్క వాట్-అవర్లలో రాసుకోవాలి. కరెంటు బిల్లులో వచ్చే ఒక యూనిట్ అంటే 1,000 వాట్-అవర్లు. మేము వాడిన మామూలు ఫ్యాను 75 వాట్లది. రాత్రి పది గంటలు తిరిగితే 750 వాట్-అవర్లు, 12 వోల్టులను 230 వోల్టులుగా మార్చేటప్పుడు ఇన్వర్టర్ మింగే వాటాను కలిపితే 850 దాటుతుంది. పచ్చడి నూరే 750 వాట్ల మిక్సీని చూసి అందరూ భయపడతారు, కానీ అది రెండు నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేది 25 వాట్-అవర్లే. 150 ఏహెచ్‌ను 12 వోల్టులతో గుణిస్తే బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లు ఉన్నా, సీసపు బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే సగానికి మించి తోడకూడదు కాబట్టి చేతికి వచ్చేవి 900. వాటిలో ఒక్క ఫ్యానే దాదాపు అన్నీ తాగేస్తోంది. అందుకే నా మొదటి ఖర్చు బ్యాటరీ మీద పెట్టలేదు. ఇన్వర్టర్ అవసరం లేకుండా నేరుగా 12 వోల్టులతో తిరిగే 28 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని, తక్కువ కరెంటు తినే మోటారు) ఫ్యాను కొన్నాను. రాత్రి ఖర్చు 280 వాట్-అవర్లకు దిగింది. ఈ రంగంలో పెట్టిన డబ్బుకు ఇంతకు మించిన ఫలితం మరెక్కడా రాదని నా నమ్మకం.

ఆ తరువాతే బ్యాటరీ మార్చాను. సీసపు బ్యాటరీని ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో రూపొందించాడు. ఇప్పుడు దాని స్థానంలోకి వస్తున్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానికి మూలం, టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందంలో పనిచేసిన అక్షయ పాధి ప్రధాన రచయితగా 1997లో వెలువడిన పరిశోధన పత్రం. లిథియం బ్యాటరీలపై చేసిన కృషికి గుడెనఫ్ 2019లో రసాయనశాస్త్ర నోబెల్‌ను మరో ఇద్దరితో పంచుకున్నాడు. ఈ పదార్థంలో భాస్వరం, ఆక్సిజన్ మధ్య బంధం చాలా గట్టిది. వేడెక్కినా ఆక్సిజన్ తేలికగా విడివడదు కాబట్టి ఇతర లిథియం రకాలతో పోలిస్తే మంటలు చెలరేగే ముప్పు తక్కువ. మనిషి పడుకునే చోటికి అడుగు దూరంలో ఉండే బ్యాటరీకి ఇది అన్నిటికంటే ముఖ్యమైన గుణం. నాలుగు సెల్లు వరుసగా కలిపితే 12.8 వోల్టులు, 100 ఏహెచ్ బ్యాటరీలో 1,280 వాట్-అవర్లుంటే అందులో వెయ్యికి పైగా నిశ్చింతగా వాడుకోవచ్చు. సగం నింపి వదిలినా దానికి హాని లేదు, దాదాపు చివరి దాకా ఒకే వేగంతో నిండుతుంది. బరువు పన్నెండు కిలోల లోపే. పాత బ్యాటరీని దించడానికి ఇద్దరం కావలసి వచ్చింది. ఆ పాతదాన్ని తూకానికి అమ్మేవారు యాసిడ్‌ను నేల మీద పారబోయకుండా బ్యాటరీ దుకాణంలోనే ఇవ్వాలి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాడిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యతను తయారీదారుల మీద ఉంచాయి.

కొత్త బ్యాటరీతో ఒక పాత అలవాటును వదులుకోవాలి. సీసపు బ్యాటరీలో 12.6 వోల్టులంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి వచ్చినట్టు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మాత్రం నిండు నుంచి చాలా దూరం ఖాళీ అయ్యే వరకూ 13.2 వోల్టుల దగ్గరే కదలక మెదలక ఉండి, చివరలో ఒక్కసారిగా జారిపోతుంది. అందుచేత వోల్టేజీని చూసి నిల్వను చెప్పడం కుదరదు. నెగటివ్ తీగకు షంట్ అనే చిన్న ఇత్తడి దిమ్మెను బిగిస్తే, లోపలికి వచ్చిన ప్రతి ఆంపియర్‌నూ బయటికి పోయినదాన్నీ అది లెక్కగట్టి శాతంగా చూపుతుంది. ఆ లెక్క మెల్లగా పక్కకు జరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడు బ్యాటరీని పూర్తిగా నింపి సరిచేయాలి. ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే చార్జ్ కంట్రోలర్‌లో బ్యాటరీ రకాన్ని మార్చడం మరువకూడదు, ఎందుకంటే సీసపు బ్యాటరీకి మందులాంటి ఈక్వలైజేషన్ చార్జింగ్ (సెల్లన్నీ సమంగా నిండేలా ఎక్కువ వోల్టేజీతో చేసేది) దీనికి చేటు.

వాగు సంగతి. మన ప్రాంతంలో చదరపు మీటరు నేల మీద ఏడాది సగటున రోజుకు అయిదు యూనిట్ల మేర సౌరశక్తి పడుతుంది. 200 వాట్ల ప్యానెల్ నుంచి నష్టాలు పోను మంచి రోజున 700 వాట్-అవర్లకు కాస్త అటూ ఇటూగా దొరుకుతాయి. ఎండ ఎంత మండితే అంత కరెంటు వస్తుందనుకోవడం పొరపాటు. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు సెల్లు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పటివి. రామగుండంలో మే నెల మధ్యాహ్నం అవి 65 డిగ్రీలు దాటితే ఉత్పత్తి ఏడో వంతు పడిపోతుంది. ప్యానెల్‌కూ పైకప్పుకూ మధ్య గాలి ఆడే సందు వదలడం అందుకే. అంతకంటే పెద్ద శత్రువు నీడ. ఒక కొమ్మ నీడ ప్యానెల్ మూలన పడినా వరుసలోని సెల్లన్నీ కుంటుపడతాయి. మనుషులకు కావలసింది చెట్టు నీడ, ప్యానెల్‌కు కావలసింది ఎండ. ఈ పేచీ తీరడానికి మేము రెండో ప్యానెల్‌ను మడత కాళ్ల మీద ఎండలో నిలిపి, పది మీటర్ల తీగతో ట్రైలర్‌కు కలుపుతాము.

తీగల విషయంలో పిసినారితనం పనికిరాదు. మిక్సీ తిరుగుతున్నంతసేపు 12 వోల్టుల వైపు 65 ఆంపియర్లకు పైగా ప్రవహిస్తాయి. తీగ చివర బిగించే లోహపు కొస, అంటే లగ్గు, సరిగా బిగియక అక్కడ ఓములో నూరో వంతు నిరోధం ఏర్పడినా, ఆ ఒక్క బిందువు దగ్గర నలభై వాట్లకు పైగా వేడి పుడుతుంది. టంకం పెట్టే సాల్డరింగ్ ఐరన్ కాలేది అంత వేడితోనే. మా పాత తీగ చివర ప్లాస్టిక్ తొడుగు గోధుమ రంగుకు తిరిగి పెళుసుబారి ఉండటం చూసిన రోజున దాన్ని తీసేసి 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించాను. పాజిటివ్ టెర్మినల్‌కు జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి, ఎందుకంటే తీగ ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే ఈ బ్యాటరీ క్షణంలో వేల ఆంపియర్లు వదలగలదు.

వానాకాలంలో వాగు ఎండిపోతుంది. గడచిన ఆగస్టులో తాడ్వాయి అడవి అంచున మూడు రోజులు ముసురు పట్టినప్పుడు పైకప్పు ప్యానెల్ రోజంతా కలిపి 150 వాట్-అవర్లు కూడా ఇవ్వలేదు. నీళ్లు తక్కువైన ఏడు ఏ పొలానికి ముందు ఆపాలో నీరటి నిర్ణయించినట్టు, మేమూ ముందే ఒక వరుస రాసుకున్నాము: నలభై శాతానికి దిగితే ఫ్రిజ్ బంద్, ఇరవైకి దిగితే ఇన్వర్టర్ బంద్, ఆపైన ఫ్యాను, ఒక దీపం, ఫోన్లు మాత్రమే. రెండో రోజు పొద్దున ఫ్రిజ్ ఆపి, పక్క ఊళ్లో పాలు ఏ పూటకు ఆ పూట తెచ్చుకున్నాము. మూడో రోజు తెల్లవారేసరికి షంట్ 23 శాతం చూపుతోంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది.