ఒకే ఇంటికి వారంలో మూడుసార్లు: 108 బండిలో వినే అపోహలు

నేను 108లో ఈఎంటీని, అంటే బండిలో పేషెంటుకు అత్యవసర వైద్యం చేసేవాణ్ణి. తిరుపతి నుంచి పీలేరు పోయే దారిలో భాకరాపేట ఘాట్ ఎక్కాక వచ్చే పల్లెలు మా బండి తిరిగే చోట్లు. ఏ ఊరికి పోయినా పేషెంటును స్ట్రెచర్ మీదికి ఎక్కించేలోపు ఎవరో ఒకరు పక్కకు పిలిచి చెప్పే మాట ఒకటుంది: "సార్, ఇది ఆసుపత్రి జబ్బు కాదు, గాలి." ఆ మాట వింటే నాకు ఎందుకు ఒళ్లు మండుతుందో చెప్పాలంటే ఒక ఇంటి సంగతి చెప్పాలి. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

వానాకాలంలో ఆ ఇంటికి ఒకే వారంలో మూడుసార్లు పోయాం. సోమవారం ఎనిమిదేళ్ల పిల్లోడికి డెంగీ. గురువారం తెల్లవారుజామున వాళ్ల నాయన ఘాట్‌లో బైక్ మీద నుంచి పడి భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. శనివారం అవ్వ. నోరు ఒక పక్కకు పోయింది, కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి.

శనివారం మేం పోయేసరికి ఇంటి ముందర సగం ఊరుంది. వాకిట్లో పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు. అవ్వ కుడి చేతికి కొత్త అంత్రం, అదే తాయెత్తు. "ఒకదాని మీద ఒకటి వస్తాండాయి సార్, ఇది మామూలుది కాదు, ఎవరో చేయించినారు" అని పక్కింటామె. నేను అడిగింది ఒక్కటే: అవ్వ బాగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారు? అయిదున్నరకు లేచి పొయ్యి ముట్టించిందట. ఆరు గంటలకు చేతిలో గ్లాసు జారిపోయిందట. మాకు ఫోన్ వచ్చింది పదకొండుకు. అది కూడా ఎదురింట్లో డిగ్రీ చదివే అబ్బాయి ఎవరికీ చెప్పకుండా చేశాడు.

ఆ అయిదు గంటలు మంత్రగాడి కోసం ఎదురుచూడడానికి, వేపమండలతో కొట్టించడానికి, అంత్రం కట్టించడానికి పోయాయి.

ఇక్కడ కొంచెం లెక్క చూడండి. పక్షవాతంలో మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండొచ్చు, లేదా నాళం చిట్లి ఉండొచ్చు. ఏది అన్నది చూసి చెప్పడం మావల్ల కాదు, డాక్టరు వల్లా కాదు, సీటీ స్కాన్ తీయాల్సిందే. గడ్డ అయితే కరిగించే ఇంజెక్షన్ ఉంది. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, అందులోనూ ఎంత ముందు ఇస్తే అంత మేలు. అవ్వకు ఆరుకు మొదలైంది, అంటే పదిన్నరకు గడువు అయిపోయింది. ఆరుకే ఫోన్ చేసి ఉంటే మేం ఆరున్నరకు అక్కడుండేవాళ్లం, ఘాట్ దిగి ఎనిమిదికి తిరుపతిలో ఉండేవాళ్లం. స్కాన్‌కూ ఇంజెక్షన్‌కూ రెండున్నర గంటలు మిగిలేవి. పదకొండుకు ఫోన్ మోగేటప్పటికే ఆ తలుపు మూసుకుపోయింది. స్కాన్‌లో గడ్డే అని తేలింది.

గంటలు దాటిపోయాయి కదా అని ఇంట్లో పడుకోబెట్టుకోకండి. పెద్ద నాళం మూసుకుపోయిన కొందరికి 24 గంటల్లోపు గడ్డను బయటికి లాగేసే వైద్యం ఉంది. అది పెద్ద ఆసుపత్రుల్లోనే చేస్తారు, ఎవరికి పనికొస్తుందో స్కాన్ చూసి వాళ్లే చెప్పాలి.

ఆ రోజు ఇంకో తప్పు కూడా జరిగింది. మాట పోయిందని గొంతులో కషాయం పోశారు. పక్షవాతం వచ్చినవాళ్లకు మింగడం కూడా పోవచ్చు, పోసింది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మేం పోయేటప్పటికి అవ్వ గొంతు గురగురమంటోంది. దారి పొడవునా పక్కకు తిప్పి పడుకోబెట్టి, గొంతులో చేరింది గొట్టంతో లాగేస్తూ (సక్షన్) ఉన్నాను. కాబట్టి కాఫీ వద్దు, సోడా వద్దు, నాలుక కింద బీపీ మాత్ర వద్దు, ఆస్పిరిన్ అసలే వద్దు. నాళం చిట్లినవాళ్లకు ఆస్పిరిన్ పడితే రక్తం ఇంకా కారుతుంది.

సరే, ఒకే వారంలో మూడు ఎందుకొచ్చాయి? ఊరంతా అడిగిన ప్రశ్న అదే, దానికి నా దగ్గర జవాబుంది. పిల్లోడితో అమ్మ ఆసుపత్రిలో ఉండిపోయింది. ఇంట్లో రెండు పాడి ఆవులు. నాయన రాత్రి ఆసుపత్రిలో బెంచీ మీద, తెల్లవారేసరికి పాలు పితికి కేంద్రానికి పోయడానికి ఊళ్లో. మూడు రోజులు అలా తిరిగాడు. గురువారం ఘాట్‌లో కునుకు పట్టిందని తనే చెప్పాడు. ఇక అవ్వకు చదువు రాదు. రోజూ సాయంత్రం బీపీ మాత్ర చేతిలో పెట్టేది కోడలే. సోమవారం నుంచి శుక్రవారం దాకా పెట్టేవాళ్లు లేరు, అడిగేవాళ్లూ లేరు. నేను చూసినప్పుడు బీపీ 210/120. పక్షవాతం వచ్చిన వెంటనే బీపీ ఎటూ పెరుగుతుంది కాబట్టి మాత్రలు మానడం వల్లే వచ్చిందని ఒట్టు పెట్టలేను. కానీ చేతబడి చేసినవాడి కోసం వెతికేవాళ్లు అల్మారాలో ఆ మాత్రల పట్టీ ఒకసారి చూడాల్సింది.

వాళ్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. కొడుకు ఐసీయూలో, చేతికి కట్టు, జేబులో డబ్బు అయిపోయింది, అంతలో అమ్మ కూలిపోయింది. అలాంటి మనిషికి "ఎవరో చేశారు" అనే మాట ఒక రకంగా ఊరట. శత్రువు ఒక్కడే, విరుగుడూ ఒక్కటే. మా అమ్మ కూడా నేను నైట్ డ్యూటీ దిగి రాగానే ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తుంది. నేను కదలకుండా నిలబడతాను, రెండు నిమిషాల పని. మీరూ దిష్టి తీయండి. ముందు 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు తీయండి.

ఫోన్ చేయాలో వద్దో తేల్చుకోవడానికి మంత్రగాడు అక్కర్లేదు. నవ్వమనండి, నోరు వంకర పోతోందా? రెండు చేతులూ ఎత్తమనండి, ఒకటి జారిపోతోందా? "నీ పేరేంటి, మన ఊరేది" అని అడగండి, మాట ముద్దగా వస్తోందా? మూడింట్లో ఒక్కటి తేడాగా ఉన్నా టైమ్ చూసి రాసిపెట్టుకుని ఫోన్ చేయండి. షుగర్ మందులు వాడేవాళ్లైతే అదీ చెప్పండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తుంది, మేం బండిలోనే చూస్తాం.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

"బీపీ నార్మల్‌కు వచ్చింది, ఇక మాత్ర ఎందుకు?" మాత్ర వేసుకుంటున్నందుకే నార్మల్‌లో ఉంది. పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు.

"డెంగీలో జ్వరం దిగితే గండం గడిచినట్టే." చాలామందికి గండం అప్పుడే మొదలవుతుంది. జ్వరం దిగాక ఒకటి రెండు రోజులు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు ఉన్నాయేమో కనిపెట్టి చూడాలి. ఈ పిల్లోడికీ జ్వరం దిగిందని సంబరపడిన రోజే చేతులూ కాళ్లూ చల్లబడ్డాయి.

"ప్లేట్‌లెట్లు లక్ష లోపుకు పడితే ఎక్కించాలి." రక్తస్రావం లేకపోతే పదివేల దాకా పడినా సాధారణంగా ఎక్కించరు. బొప్పాయి ఆకు కోసం ఊళ్లు తిరిగే టైములో పిల్లోడికి ఓఆర్ఎస్ తాగించండి.

"108కి డబ్బులు కట్టాలి." లేదు. పైసా కట్టనక్కర్లేదు. ఈ ఒక్క అనుమానంతో ఆటో మాట్లాడుకుని, అందులో నడుం వంచి కూర్చోబెట్టి తెచ్చేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను.

నాలుగు నెలల తర్వాత అదే వీధిలో ఇంకో కేసుకు పోయాం. పురుటి నొప్పులు, తొందరేమీ లేదు. ఆమె బట్టలు సర్దుకునేలోపు ఆ ఇంటి అరుగు దాకా పోయాను. పిల్లోడు బడికి పోయాడట. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. కుడి చెయ్యి ఒళ్లో అలాగే పడి ఉంది, దానికి ఆ అంత్రం అలాగే ఉంది. దాని గురించి నేనేమీ అనలేదు. మాత్రలు చూపించమన్నాను. ఎడమ చేత్తో దిండు కింద నుంచి పట్టీ తీసింది. ఆదివారం మొదలుపెట్టిందంట. ఆ రోజు గురువారం మధ్యాహ్నం. నాలుగు గుంతలు ఖాళీగా ఉన్నాయి, ఆరు మాత్రలు మిగిలాయి.