ఎదుటివైపు నుంచి కొండ ఎలా కనిపిస్తుంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఇళ్లలో మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలు ఉంటే వారి జవాబులు విని మీరు నవ్వుకునే ఉంటారు. ఊరి నుంచి అమ్మమ్మ ఫోను చేసి "అన్నం తిన్నావా నాన్నా?" అని అడిగితే, నోరు విప్పకుండా తల ఊపి ఊరుకుంటారు. రాత్రివేళ బస్సు కిటికీ పక్కన కూర్చున్నప్పుడు చందమామ తమ వెంటే వస్తున్నాడంటారు. "నీకు అక్క ఉందా?" అంటే ఉందంటారు, "మరి మీ అక్కకు చెల్లెలు ఉందా?" అంటే కాసేపు ఆలోచించి లేదంటారు. ఇటువంటి జవాబులను తెలివితక్కువతనం కింద కొట్టిపారేయకుండా, వాటి వెనుక ఒక పద్ధతి ఉందని గమనించి, జీవితమంతా దానికోసమే వెచ్చించిన ఒక శాస్త్రజ్ఞుడి గురించి, ఆయన చెప్పినదానిలో ఎంతవరకు నిలిచిందో దాని గురించి మీకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయన పేరు జీన్ పియాజే. 1896లో స్విట్జర్లాండులోని నూషతెల్ పట్టణంలో పుట్టారు. మొదట ఆయన చదివింది మనస్తత్వశాస్త్రం కాదు, జీవశాస్త్రం. నత్తల వంటి జీవుల మీద పరిశోధన చేసి 1918లో డాక్టరేటు పొందారు. తరువాత పారిస్ వెళ్లి, పిల్లల తెలివిని కొలిచే పరీక్షలను సరిచూసే పనిలో చేరారు. ఆ పనిలో సరైన జవాబులను లెక్కపెడితే చాలు. పియాజేకు మాత్రం తప్పు జవాబుల మీదనే ధ్యాస నిలిచింది. ఒకే వయసు పిల్లలు ఒకే రకమైన తప్పులు చేస్తున్నారని, వయసు పెరిగేకొద్దీ ఆ తప్పుల తీరే మారిపోతోందని ఆయన గమనించారు. అంటే చిన్నపిల్లలకు పెద్దలకంటే తక్కువ తెలుసుననడం సరిపోదు, వారు ఆలోచించే తీరే వేరు. ఆయన సిద్ధాంతమంతా ఈ గమనింపు నుంచే పెరిగింది.

చిన్నపిల్లల ఆలోచనలో ఆయన చూసిన ముఖ్యలక్షణాన్ని మన ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాలు అహంకేంద్రవాదం అంటాయి. ఇందులో గర్వానికీ స్వార్థానికీ తావు లేదు. తాను చూస్తున్నట్టే అందరూ చూస్తున్నారని, తనకు తెలిసినది అందరికీ తెలుసునని పిల్లవాడు అనుకుంటాడు. ఇంకొక చూపు ఉండవచ్చునన్న ఊహే వాడికి ఇంకా రాదు. తన తల ఊపు అమ్మమ్మకు కనిపించదని వాడికి తోచకపోవడం అందువల్లనే.

దీనిని పరీక్షించడానికి పియాజే, ఆయనతో కలిసి పరిశోధన చేసిన బార్బెల్ ఇన్‌హెల్డర్ చేసిన ప్రయోగం 1948లో వచ్చిన వారి పుస్తకంలో ఉంది. ఒక బల్ల మీద మూడు కొండల నమూనా పెట్టారు. ఒకదాని శిఖరం మీద మంచు, ఒకదాని మీద చిన్న ఇల్లు, ఒకదాని మీద ఎర్రని శిలువ ఉన్నాయి. పిల్లవాడిని ఒకవైపు కూర్చోబెట్టి, వేరొకవైపు ఒక బొమ్మను ఉంచి, రకరకాల దిక్కుల నుంచి ఆ కొండలు కనిపించే తీరును చూపే చిత్రాలు ముందు పరిచి, బొమ్మకు కనిపించేది ఏదో తీసి చూపమన్నారు. నాలుగైదేళ్లవారు తమకు కనిపిస్తున్న దృశ్యాన్నే చూపారు. ఏడెనిమిదేళ్లు వచ్చాక గాని సరైన జవాబులు రావడం మొదలుకాలేదు.

ఇటువంటి పరిశీలనల మీద పియాజే నాలుగు దశలు ప్రతిపాదించారు. పుట్టినది మొదలు సుమారు రెండేళ్ల వరకు ఇంద్రియ చాలక దశ: నెలల పసివాడు చూస్తుండగా గిలక్కాయ మీద గుడ్డ కప్పితే, అది ఇక లేనట్టే ఊరుకుంటాడు, దాచిన వస్తువు ఎక్కడో ఉండే ఉంటుందన్న ఎరుక మెల్లగా కలుగుతుంది. రెండు నుంచి ఏడేళ్ల వరకు పూర్వ ప్రచాలక దశ, అంటే తర్కించే శక్తి రావడానికి ముందు దశ. అహంకేంద్రవాదం బలంగా కనిపించేది ఇక్కడే. ఏడు నుంచి పదకొండు, పన్నెండేళ్ల వరకు మూర్త ప్రచాలక దశ, అంటే కళ్లెదుటి వస్తువుల గురించి తర్కించగల దశ; ఆ పైన అమూర్త ప్రచాలక దశ, అంటే కంటికి కనిపించని భావాల గురించీ తర్కించగల దశ. బి.ఎడ్., డి.ఎడ్. విద్యార్థులు ఈ వయసులను పరీక్షకోసం బట్టీ పడతారు గాని, పియాజే పట్టుబట్టింది దశల వరుస గురించి. వయసులు కాస్త అటూఇటూ కావచ్చునని ఆయనే అన్నారు.

ఇక ఆయనతో విభేదించినవారి మాటలు వినండి. నా మట్టుకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. 1970లలో మార్టిన్ హ్యూస్ అనే పరిశోధకుడు కొండల బదులు, కూడిక గుర్తు ఆకారంలో ఒకదానినొకటి ఖండించే రెండు చిన్న గోడలు, ఒక పోలీసు బొమ్మ, ఒక పిల్లవాడి బొమ్మ తీసుకున్నాడు. "పోలీసుకు కనిపించకుండా ఈ అబ్బాయిని దాచు" అన్నాడు. తరువాత రెండో పోలీసును కూడా నిలబెట్టాడు. ఇప్పుడు ఇద్దరి చూపులూ లెక్కలోకి తీసుకోవాలి. మూడున్నర నుంచి ఐదేళ్ల లోపు పిల్లలే, నూటికి తొంభై వంతులు సరిగ్గా దాచారు. పోలీసుకు దొరకకుండా దాక్కోవడంలో ఒక అర్థం ఉంది, అది పసివారికి తెలుసు. బొమ్మకు కొండలు ఎలా కనిపిస్తాయో ఎవరికి, ఎందుకు కావాలి? పైగా రెండు పనులూ సమానం కావు: ఒక వస్తువు ఎదుటివారికి కనిపిస్తుందా లేదా అని తేల్చడం తేలిక, ఎలా కనిపిస్తుందో ఊహించడం కష్టం. (పియాజే పనిచేసిన జెనీవా పిల్లల కళ్లెదుట కొండలైనా ఉంటాయి, కోనసీమ పిల్లవాడిని అదే ప్రశ్న అడిగితే ఏమనేవాడో!)

పియాజే చేసిన నీళ్ల ప్రయోగంలోనూ ఇటువంటి మెలికే ఉంది. ఒకేలాంటి రెండు గ్లాసులలో సమానంగా నీళ్లు పోసి, వాటిలో ఒకదానిని సన్నని పొడవాటి గ్లాసులోకి ఒంపితే, ఐదేళ్లవారు పొడవాటి దానిలోనే నీళ్లు ఎక్కువంటారు. అయితే ఒంపక ముందు ఒకసారి, ఒంపిన తరువాత మరొకసారి "రెండూ సమానమా?" అని అదే ప్రశ్న అడుగుతారు. పెద్దవారు రెండోసారి అడిగారంటే మొదటి జవాబు తప్పయి ఉంటుందని పిల్లలు అనుకోరా? ఈ అనుమానంతో 1974లో ఇద్దరు పరిశోధకులు ఇటువంటిదే మరొక ప్రయోగంలో ప్రశ్నను ఒక్కసారే, మార్పు తరువాతనే అడిగి చూస్తే తప్పులు తగ్గాయి. తమ ప్రశ్న పిల్లల చెవికి ఎలా వినిపిస్తుందో ఊహించలేకపోయిన పెద్దలది కూడా అహంకేంద్రవాదమే కదా అని నాకు అనిపిస్తుంది.

పిల్లలు ఆడుకుంటూ తమలో తాము మాట్లాడుకునే మాటల విషయంలోనూ వివాదం నడిచింది. ఎదుటివారిని లెక్కచేయని ఆ మాటలు వయసుతో పాటు కరిగిపోతాయని 1923లో పియాజే రాశారు. పియాజే పుట్టిన ఏడాదే అప్పటి రష్యా సామ్రాజ్యంలో పుట్టిన మనస్తత్వశాస్త్రవేత్త వైగాట్‌స్కీ, ఆ మాటలు పోవు, లోపలికి వెళ్లి మౌనమైన ఆలోచనగా మారతాయన్నారు. కష్టమైన లెక్క ఎదురైనప్పుడు మీ పెదవులు కదులుతాయేమో గమనించండి. వైగాట్‌స్కీ వాదన ఉన్న పుస్తకం 1934లో, ఆయన క్షయవ్యాధితో మరణించిన ఏడాదే వెలువడింది. పియాజే జవాబు అచ్చయ్యేసరికి 1962 వచ్చింది.

మీ వయసుకు ఇవన్నీ దాటిపోయాయని అనుకోకండి. కౌమారంలో అహంకేంద్రవాదం మరొక రూపంలో వస్తుందని 1967లో డేవిడ్ ఎల్‌కైండ్ అనే అమెరికా మనస్తత్వశాస్త్రవేత్త రాశారు. ఎదుటివారికి ఆలోచనలు ఉంటాయని మీకు తెలుసు. అయితే ఆ ఆలోచనలన్నీ మీ గురించేనని అనుకుంటారు. మొటిమ లేచిన రోజున బడికి వెళ్లనని మొరాయించడం ఈ కోవలోనిదే. నా బాధ లోకంలో ఎవరికీ అర్థం కాదనుకోవడం కూడా ఇందులోని భాగమేనని ఆయన అన్నారు. 2000లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలోని కొందరు కళాశాల విద్యార్థులకు నలుగురిలో సిగ్గుపడేలా ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీషర్టు తొడిగించి, తోటివారు కూర్చున్న గదిలోకి పంపారు. గదిలో దాదాపు సగం మంది ఆ బొమ్మను గమనించి ఉంటారని తొడుక్కున్నవారు అంచనా వేశారు. నిజానికి అది ఎవరి బొమ్మో చెప్పగలిగినవారు నాలుగోవంతుకు మించలేదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య వయసున్న ఒక పాత పంతులు