ఫ్రిజ్ చల్లబడకపోతే గ్యాస్ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరితే చాలు, కడపలో నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే మాటతో మొదలవుతాయి. "అన్నా, ఫ్రిజ్‌లో గ్యాస్ అయిపోయింది, వచ్చి నింపిపోతావా? ఎంతవుతుంది?" ఫ్రిజ్ చల్లబడటం లేదని ఎవరూ చెప్పరు. లోపమేమిటో ముందే తేల్చేసుకుని ధర ఒక్కటే అడుగుతారు. వాళ్లను తప్పు పట్టను. పక్కింటివాళ్లు చెప్పి ఉంటారు, లేదా అంతకుముందు వచ్చిన మెకానిక్ తలుపు తీసి చూసి అదే మాట అని ఉంటాడు. కానీ పదేళ్లు దాటిన ఫ్రిజ్‌ల విషయంలో జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకునేది ఈ ఒక్క నమ్మకం దగ్గరే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: ఫ్రిజ్ పాతబడితే గ్యాస్ అయిపోతుంది. రెండు మూడేళ్లకోసారి నింపించుకోవాలి.

వాస్తవం: ఫ్రిజ్‌లో గ్యాస్ స్కూటర్‌లో పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్ (గ్యాస్‌ను నెట్టే మోటారు) నుంచి వెనక జాలీలోకి, అక్కడి నుంచి ఫిల్టర్, కేపిలరీ (వెంట్రుకంత సన్నటి దారి ఉన్న పైపు) దాటి ఫ్రీజర్‌లోకి, మళ్లీ కంప్రెసర్‌లోకి. వెల్డింగ్ చేసి మూసేసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఫ్యాక్టరీలో నింపిన గ్యాస్‌తోనే ఇరవై ఏళ్లు నడిచిన ఫ్రిజ్‌లను నేను ఇదే ఊళ్లో చూశాను. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం. ఆ చిల్లు మూయకుండా నింపితే వారానికో నెలకో మళ్లీ పోతుంది, మీ డబ్బుతో సహా.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఇంట్లో వాడే ఫ్రిజ్‌కు గ్యాస్ ఎంతుందో చూపించే మీటరు ఉండదు. ప్రెషర్ చూడాలంటే కంప్రెసర్ దగ్గర నొక్కి మూసేసిన చార్జింగ్ పైపును తెరవాల్సిందే. పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో ఉండే మొత్తం గ్యాసే సుమారు వంద గ్రాములు. ఆర్ 600ఎ అనే గ్యాస్ వాడే ఇప్పటి ఫ్రిజ్‌లలో అంతకంటే చాలా తక్కువ. ఆ పైపు కోశారంటే ఉన్న గ్యాస్ కూడా పోయినట్టే, ఆ తర్వాత నింపక తప్పదు. కాబట్టి వోల్టేజీ చూడకుండా, కంప్రెసర్ మీద చెయ్యి పెట్టకుండా, నేరుగా పైపు కోయబోయే మెకానిక్‌ను ఆపండి. ఫ్రిజ్ మీది, ఆపడానికి మొహమాటపడొద్దు.

మరి పైపు కోయకుండా ఎలా తెలుస్తుంది? చాలావరకు చెవితో, చేత్తోనే తెలుస్తుంది.

ముందు తలుపు తీయండి. లోపల లైటు వెలిగినా కంప్రెసర్ నుంచి ఎంతసేపటికీ చప్పుడే లేకపోతే, చాలావరకు కరెంటు కంప్రెసర్ దాకా పోవడం లేదన్నమాట. థర్మోస్టాట్ (చల్లదనాన్ని బట్టి కంప్రెసర్‌ను ఆపి నడిపేది), ఓవర్‌లోడ్ (కంప్రెసర్‌కు భారమైతే కరెంటు ఆపేసేది), రిలే (కంప్రెసర్‌ను స్టార్ట్ చేసేది), వైరు... ఎక్కువగా వీటిలో ఏదో ఒకటి. గ్యాస్‌కు దీనితో సంబంధమే లేదు. గ్యాస్ పూర్తిగా పోయినా కంప్రెసర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు, సగం మోసాలు మీ గడప దాటి లోపలికి రావు.

కంప్రెసర్ కొన్ని సెకన్లు గుర్రుమని, టక్‌మని ఆగిపోయి, కాసేపటికి మళ్లీ అదే చేస్తుంటే, అది స్టార్ట్ కాలేక ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతోంది. ఎక్కువసార్లు రిలే పోయి ఉంటుంది. దాన్ని ఊడదీసి చెవి దగ్గర ఊపితే లోపల పగిలిన ముక్క గలగలమంటుంది. రిలే ఖర్చు వందల్లో, గ్యాస్ చార్జింగ్ వేలల్లో. తేడా అక్కడే ఉంది. రిలే బాగుంటే వోల్టేజీ చూడాలి. అదీ బాగుంటే అప్పుడు కంప్రెసర్ జామ్ అయిందేమోనని అనుమానించాలి.

కంప్రెసర్ ఆగకుండా తిరుగుతున్నా వెనక జాలీ కొంచెం కూడా వెచ్చబడకపోతే, లేదా ఫ్రీజర్‌లో ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతాదంతా పొడిగా ఉంటే, అప్పుడు గ్యాస్ గురించి మాట్లాడుకుందాం. అప్పుడు కూడా లీకేజీయా, కేపిలరీ చోక్ అయిందా (మూసుకుపోయిందా), కంప్రెసర్‌కు పంపింగ్ తగ్గిందా అని తేల్చాలి. పైపు అతుకుల దగ్గర నూనె మరక కనిపిస్తే లీకేజీకి అది మంచి ఆనవాలు.

చెన్నూరు దగ్గర ఒక పల్లెలో ఒక అవ్వ ఉంది. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు, ఫ్రిజ్ ఆయన కొనిచ్చిందే. షుగర్ ఉంది, ఇన్సులిన్ అందులోనే పెట్టుకుంటుంది. నేను పోయేసరికి ఒకే ఎండాకాలంలో అప్పటికే రెండుసార్లు గ్యాస్ నింపించింది. "నాయనా, మందు చెడిపోతే నాకు దిక్కెవరు?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఫ్రిజ్ ఎప్పుడు ఆగుతోందవ్వా అని అడిగితే, పొద్దునపూట బాగుండదు, రాత్రి బాగానే ఉంటుందని చెప్పింది. అంతకుముందు వచ్చినవాళ్లు ఆ ప్రశ్నే అడగలేదు. పగలు పొలాల్లో మోటార్లన్నీ ఆడే వేళకు ఆ ఇంట్లో వోల్టేజీ 160కి పడిపోతోంది. ఉండాల్సింది 230. కంప్రెసర్ స్టార్ట్ కాలేక టక్ టక్‌మని ఆగుతోంది, అంతే. ఫ్రిజ్‌లో లోపమే లేదు. తక్కువ వోల్టేజీకి తట్టుకునే మంచి స్టెబిలైజర్ పెట్టించాను. గ్యాస్‌కు పెట్టిన డబ్బుతో అది ముందే వచ్చి ఉండేది. ఈ పని చేసేవాళ్లు, ముఖ్యంగా కొత్తగా నేర్చుకునే పిల్లలు, వోల్టేజీ చూసే మీటరు తీయకముందు "ఎప్పుడు ఆగుతోంది?" అని అడగడం అలవాటు చేసుకోవాలని నా కోరిక.

ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇక్కడే ఒక మాట. ఫ్రిజ్ ఆగిందని వెంటనే కంగారు పడకండి. తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి వాటిని పక్కింటి ఫ్రిజ్‌లోకి మార్చండి. వాడుతున్న సీసాను వేడి తగలని చోట ఉంచండి. మన ఎండలకు గది కూడా వేడెక్కుతుంది కాబట్టి నీళ్లున్న మట్టికుండలో సీసా తడవకుండా గిన్నెలో పెట్టి ఉంచొచ్చు. ఐస్‌కు ఆనించి మాత్రం పెట్టొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు. సందేహం ఉంటే డాక్టర్‌నో మందుల షాపులోనో అడగండి.

నిజంగానే లీకేజీ ఉంటే పని ఎలా జరగాలో తెలుసుకోండి. ముందు నైట్రోజన్ ప్రెషర్ పెట్టి, సబ్బు నురగతో చిల్లు ఎక్కడుందో పట్టాలి. అది మీకు చూపించాలి. దాన్ని మూసి, ఫిల్టర్ కొత్తది వేసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి, తూకం పెట్టి గ్యాస్ ఎక్కించాలి. ఎన్ని గ్రాములో, ఏ గ్యాసో ఫ్రిజ్ మీది స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. వాక్యూమ్ చేయకపోతే తేమ కేపిలరీలో గడ్డకట్టి, ఫ్రిజ్ కాసేపు పనిచేసి ఆగుతుంది. చాలా పాత వాటిలో ఉండే ఆర్ 12 తయారీ మన దేశంలో 2010 నాటికే ఆగిపోయింది. ఆ తర్వాతి వాటిలో ఆర్ 134ఎ, ఇప్పటి వాటిలో ఆర్ 600ఎ. ఈ చివరిది ఐసోబ్యూటేన్, మండే గ్యాస్. అది ఉన్న ఫ్రిజ్‌కు వంటింట్లో, స్టవ్ పక్కనే వెల్డింగ్ మంట పెట్టనివ్వకండి. వంట గ్యాస్ నింపితే చవక అని చెప్పేవాళ్లను గుమ్మం దగ్గరే పంపించేయండి.

అపోహ: వెనక కంప్రెసర్ కాలిపోతోంది, ఇక అది పోయినట్టే.

వాస్తవం: మే నెలలో చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడి మామూలే. కొన్ని ఫ్రిజ్‌లకు పక్క గోడలు కూడా వేడెక్కుతాయి, జాలీ వాటి లోపల ఉంటుంది కాబట్టి. అయితే ఆ వేడి బయటికి పోయే దారి ఉండాలి. మన ఇళ్లలో కడప బండలతో అరలాగా కట్టి, ఫ్రిజ్‌ను అందులోకి తోసేస్తారు. చూడటానికి బాగుంటుంది, కానీ మూడు వైపులా గాలి ఆడదు. అల్మాస్‌పేటలో రంజాన్ రోజుల్లో ఒక ఇంటికి పిలిచారు, పెద్దమ్మ చల్లటి నీళ్లు కూడా లేవని బాధపడుతోంది. ఫ్రిజ్ బయటికి లాగితే జాలీ మీద దుమ్ము మందంగా, దుప్పటి కప్పినట్టు పేరుకుపోయి ఉంది. బ్రష్‌తో దులిపి, గోడకు జానెడు దూరం జరిపి పెట్టాను. ఇఫ్తార్ వేళకు ఐస్ కట్టిందని ఫోన్ వచ్చింది. చాలా ఫ్రిజ్‌ల స్టిక్కర్ మీద క్లైమేట్ క్లాస్ అని ఉంటుంది. 'టి' అంటే 43 డిగ్రీల దాకా పనిచేసేలా చేసినది, 'ఎన్' అంటే 32 దాకానే. మన ఊరి ఎండాకాలం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

అపోహ: కింద చల్లగా లేదు, పైన ఐస్ ఉంది, కాబట్టి గ్యాస్ తక్కువైంది.

వాస్తవం: డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీలో (మంచును తనంతట తానే కరిగించుకునే ఫ్రిజ్‌లో) ఇది ఎక్కువగా డీఫ్రాస్ట్ లోపం, అంటే ఆ మంచు కరిగించే ఏర్పాటు పాడవడం. హీటరో, బైమెటలో (చల్లదనాన్ని బట్టి హీటర్‌ను వేసి ఆపే స్విచ్), టైమరో పోయి, ఫ్రీజర్ వెనక ప్లేటు లోపల మంచు గడ్డకట్టి గాలి కిందికి రాదు. ప్లగ్గు తీసి, తలుపులు తెరిచి, ఒక పగలూ రాత్రీ అలాగే వదిలేయండి. మళ్లీ వేశాక కొన్నిరోజులు బాగా పనిచేసి తిరిగి అదే జరిగితే లోపం అక్కడే. మెకానిక్‌కు ఈ మాట చెప్తే అతని పనీ తేలికవుతుంది. అసలు గాలే ఆడకపోతే ఫ్యాన్ చూడమనండి.

మిగిలినవి త్వరగా. థర్మోస్టాట్ 7లో పెడితే త్వరగా చల్లబడదు, ఎక్కువసేపు తిరుగుతుంది అంతే. రాత్రి ఆఫ్ చేస్తే కరెంటు పెద్దగా ఆదా కాదు, దోసె పిండి మాత్రం పులుస్తుంది. కరెంటు పోయి వచ్చిన వెంటనే వేయకుండా ఐదు నిమిషాలు ఆగండి. డోర్ రబ్బరు మధ్య కాగితం పెట్టి మూయండి, సులువుగా జారి వస్తే రబ్బరు పట్టు పోయినట్టు. ఐస్‌ను చాకుతో గీకొద్దు. గ్యాస్ నిజంగా పోయిన సింగిల్ డోర్‌లలో చాలావాటికి చిల్లు పెట్టింది ఆ చాకే.

ఇక బాగు చేయించొద్దని నేనే చెప్పే సందర్భాలూ ఉన్నాయి. లీకేజీ గోడ లోపల ఫోమ్‌లో ఉన్నా, అడుగుభాగం తుప్పు పట్టి కంప్రెసర్ నిలవలేకున్నా డబ్బు పెట్టడం దండగ. అలాంటిదాన్ని పాత సామాన్ల వాళ్లకు ఇచ్చేదాకా వరండాలోనో మిద్దె మీదో పెట్టాల్సి వస్తే ముందు తలుపు ఊడదీసేయండి. ఆడుకుంటూ పిల్లలు లోపల దాక్కుంటే తలుపు మూసుకుని ఊపిరాడదు. నాలుగు స్క్రూలు, ఒక స్క్రూడ్రైవర్ పని. మీకు రాకపోతే నన్ను పిలవండి, డబ్బు తీసుకోకుండా చేసిపెడతాను.