పడవ లెక్క వచ్చిన పిల్ల

ముక్తేశ్వరం రేవులో పంటెక్కి, కోటిపల్లిలో దిగి, బస్సులో కాకినాడ కోచింగుకు వచ్చే అమ్మాయి ఒకతె పడవలు–ప్రవాహాల లెక్కలు నోటితోనే చేసేసేది. అదే లెక్క ఎస్కలేటర్ మీద ఇస్తే ఆగిపోయింది. "మనం నిలబడితే మెట్లే కదుల్తాయాండీ?" అనడిగింది. ఏటికి ఎదురెక్కే పడవ అనుకోమ్మా అన్నాను. వెంటనే జవాబు చెప్పింది. అసలు పరీక్షలో అయితే ఆ మార్కు పోయేదే.

పరీక్ష ఏం కొలుస్తోందన్న ఈ ప్రశ్న అమెరికాలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నార్త్ కరోలినాలో డ్యూక్ పవర్ కంపెనీ తన విద్యుత్ కేంద్రంలో నల్లజాతివారిని కూలి విభాగంలోనే ఉంచేది. మంచి విభాగాల్లో చేరాలంటే హైస్కూలు చదువు ఉండాలని 1955లో నిబంధన పెట్టింది. ఉద్యోగాల్లో వివక్షను నిషేధించిన చట్టం 1965 జూలై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజు నుంచే కంపెనీ ఆ విభాగాల్లో కొత్తగా చేరేవాళ్లు రెండు రాతపరీక్షలు కూడా నెగ్గాలంది. ఆ తేదీ చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అంతకుముందు చేరిన తెల్లవాళ్లు ఆ చదువు లేకుండానే పని చక్కగా చేసుకుపోతున్నారు. పరీక్షకూ చేయబోయే పనికీ సంబంధం చూపాలని, ఉద్దేశం మంచిదైతే సరిపోదని 1971 మార్చి 8న కోర్టు ఏకగ్రీవంగా తేల్చింది.

రెండు వర్గాల మార్కుల్లో తేడా ఉన్నంత మాత్రాన పరీక్ష తప్పని కాదు. ఒకే మార్కు తెచ్చుకున్న వేర్వేరు వర్గాలవాళ్లు తర్వాత ఒకేలా రాణిస్తున్నారా అని చూడాలని 1968లో అమెరికా పరిశోధకురాలు ఆన్ క్లియరీ ప్రతిపాదించారు. ఆమె చూసిన మూడు కాలేజీల్లో రెండింట తేడా కనిపించలేదు. మూడోదాంట్లో నల్లజాతి విద్యార్థులు కాలేజీలో నిజంగా తెచ్చుకున్నవాటికన్నా ఎక్కువ మార్కులే ప్రవేశపరీక్ష ఊహించింది. ఇది నాకు మింగుడుపడటానికి చాన్నాళ్లు పట్టింది. అయితే అక్కడ పోల్చింది కాలేజీ మార్కులతో. అవీ పరీక్షలే కదా!

మన దగ్గర వాదమంతా సీట్ల చుట్టూ తిరిగింది. గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో ఇంజనీరింగు సీట్లను పద్నాలుగేసి చొప్పున కులమతాలవారీగా పంచేవారు. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ ఏడాదే రాజ్యాంగ సవరణతో, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చనే 15(4) అధికరణం వచ్చింది. కొందరికి పుట్టుకతో, ఇంటి వాతావరణంతో అందే అనుకూలత మార్కుల్లో కనిపించదని 2022 జనవరిలో అదే కోర్టు అంది.

మొత్తం మార్కులు సమానంగా వచ్చిన పట్నం పిల్లలూ గోదావరి లంకల పిల్లలూ ఏ ప్రశ్న దగ్గర విడిపోతున్నారో జవాబులు దగ్గరున్న నియామక సంస్థలు లెక్కతీయొచ్చు. అలా విడదీసే ప్రశ్నలేవో బయటపెట్టాలి.