మసి చల్లని గోడకే అంటుతుంది

14.2 కిలోల వంటగ్యాసు సిలిండరు ఖాళీ అయ్యేసరికి వంటింట్లో సుమారు 22 లీటర్ల నీరు పుడుతుంది. లెక్క తేలికే. ప్రొపేను, బ్యూటేను అణువుల్లోని హైడ్రోజను గాలిలోని ఆక్సిజనుతో కలిసి నీరవుతుంది. కిలో గ్యాసు కాలితే ఒకటిన్నర కిలోలకు పైగా నీటి ఆవిరి వస్తుంది. పెరిగిన బరువంతా గాలి నుంచి వచ్చి చేరిన ఆక్సిజనుది. అన్నం ఉడికేటప్పుడు, పులుసు మరిగేటప్పుడు లేచే ఆవిరి దీనికి అదనం.

ఇదంతా ఎక్కడికి పోతోందో తెలుసుకోవాలంటే భీమవరంలోనో, అమలాపురంలోనో, రాజమహేంద్రవరంలోనో ముప్పై ఏళ్ళ కిందట కట్టిన ఏదైనా అపార్ట్‌మెంటు వెనకవైపుకు వెళ్ళి తలెత్తి చూడాలి. వంటింటి చిమ్నీ గొట్టం గోడలోంచి బయటికి వచ్చిన ప్రతిచోటా దాని కింద గోధుమరంగు చార ఒకటి దిగుతూ ఉంటుంది. పై అంతస్తు చార కింది అంతస్తు కిటికీ మీదుగా వస్తే సంఘం సమావేశంలో ఆ నెల చర్చకు వేరే విషయం అక్కర్లేదు.

ఆ చార పుట్టుకను అర్థం చేసుకోవడానికి ఒక సూత్రం చాలు. పొయ్యి నుంచి లేచే గాలిలో నీటి ఆవిరి, నూనె ఆవిరి, సగం కాలిన పదార్థాలు కలగలిసి ఉంటాయి. వేడిగా ఉన్నంతసేపు అవి గాలితోపాటు ప్రయాణిస్తాయి. తమకన్నా బాగా చల్లని ఉపరితలం తగిలితే అక్కడే ద్రవమై అంటుకుంటాయి. ఇడ్లీ పాత్ర మూత లోపల నీటిబొట్లు చేరడం ఇదే. పొగగొట్టం శుభ్రతకు సంబంధించిన ప్రశ్నలు చాలావరకు చివరికి గోడ ఎంత వేడిగా ఉందన్న దగ్గరికే వస్తాయి.

చలిదేశాల వాళ్ళకు ఇది చాలా పాత తలనొప్పి. అక్కడి పాత బహుళ అంతస్తుల భవనాల్లో ఇటుక గోడల మధ్య పొగగొట్టాలు కింది నుంచి పైకప్పు దాకా సాగుతాయి. వాటిలో కట్టెలో, బొగ్గో కాల్చినప్పుడు వచ్చే పొగ గోడను తాకి 120 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే క్రియోసోటు అనే తారులాంటి పదార్థం పేరుకుంటుంది. మొదట అది బ్రష్షుతో రాలిపోయే పొడి మసి. తర్వాత గట్టి పెళుసు పొరలు. చివరికి గాజులా మెరిసే నల్లని పూత. ఈ మూడో దశ ప్రమాదకరం, ఎందుకంటే అదే ఇంధనం. ఒకసారి అంటుకుంటే గొట్టం లోపల వేడి 1000 డిగ్రీలు దాటగలదు. ఆ వేడికి ఇటుకల మధ్య సున్నం రాలుతుంది, పగుళ్ళలోంచి మంట పక్కనున్న కలపను చేరుతుంది.

అందుకే పొగగొట్టం లోపల మరో గొట్టం పెట్టడం మొదలుపెట్టారు. దాన్ని లైనరు అంటారు. కాల్చిన మట్టి గొట్టాలు పాత పద్ధతి, స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు ఇప్పటి పద్ధతి. ఇంగ్లండులో 1965 నాటి నిర్మాణ నియమాల నుంచి కొత్త ఇళ్ళకు ఇది తప్పనిసరి. లైనరు చేసే పనుల్లో అగ్నిని ఆపడం అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది, గొట్టం వెడల్పును పొయ్యికి తగినట్టు తగ్గించడం. బొగ్గు పొయ్యి కోసం కట్టిన వెడల్పాటి గొట్టానికి తర్వాతి రోజుల్లో గ్యాసు హీటరు తగిలించారు. గ్యాసు పొగ శుభ్రంగా కనిపిస్తుంది కానీ అది చల్లన, తడి ఎక్కువ. వెడల్పు గొట్టంలో అది నింపాదిగా నడిచి, దారిలోనే చల్లబడి, ఆమ్ల గుణమున్న నీరై ఇటుకల్లోకి ఇంకుతుంది. పై అంతస్తు గదుల గోడలపై మరకలు కనిపించి, వాన లీకేజీ అనుకుని పైకప్పు బాగుచేయించినవాళ్ళు తక్కువేమీ కాదు. సన్నని స్టీలు గొట్టంలో పొగ వేగంగా, వేడి తగ్గకముందే బయటపడుతుంది.

అక్కడి వాళ్ళు ఏడాదికోసారి తనిఖీ చేయిస్తారు. జర్మనీలో అయితే అది చట్టం, ప్రాంతానికో బాధ్యుడు ఉంటాడు. మట్టి లైనరుకు ఉక్కు తీగల బ్రష్షు, స్టీలు లైనరుకు ప్లాస్టిక్ పోగుల బ్రష్షు వాడతారు, ఉక్కు తీగ స్టీలును గీరితే ఆ గీతల్లోంచే తుప్పు మొదలవుతుంది కాబట్టి. మసి మూడు మిల్లీమీటర్ల మందానికి వస్తే ఇక ఆగకూడదన్నది అక్కడి వాడుక సూత్రం. ఈ వృత్తి చరిత్ర మాత్రం చదవడానికి కష్టంగా ఉంటుంది. లండన్‌లో చిన్నపిల్లలను ఇరుకు గొట్టాల్లోకి ఎక్కించి మసి గీయించేవారు. వారికి పెద్దయ్యాక వృషణాల తిత్తికి వచ్చే క్యాన్సర్‌కు మసే కారణమని పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లో రాశాడు. ఒక వృత్తికీ క్యాన్సర్‌కూ ముడిపెట్టిన తొలి పరిశీలన అది. పిల్లలను ఎక్కించడం నిజంగా ఆగింది 1875 చట్టం తర్వాత, అంటే సరిగ్గా వందేళ్ళకు.

మన డెల్టాలో పొగగొట్టాల సంగతి వేరు. పెంకుటింటి వంటగదిలో పొగ పెంకుల సందుల్లోంచే పోయేది. దూలాలు, వాసాలు పొగచూరి నల్లబడేవి, ఆ మసికి భయపడి పురుగు కూడా పెద్దగా చేరేది కాదు. ఎత్తయిన పొగగొట్టాలు ఎక్కువగా కనిపించేది రైస్‌మిల్లులకే. ధాన్యం బరువులో అయిదో వంతు ఊక, ఊకను కాలిస్తే మిగిలే బూడిదలో అత్యధిక భాగం సిలికా. ఆ గొట్టాలు బాగా వేడిగా ఉంటాయి కాబట్టి జిడ్డు పట్టదు. బూడిద మాత్రం ఇసుకకాగితంలా పని చేసి మలుపుల దగ్గర రేకును అరగదీస్తుంది. మిల్లు మేస్త్రీలు మలుపులో మందపు రేకు వేయించేది అందుకే.

అపార్ట్‌మెంట్లు మొదట వచ్చినప్పుడు వాటిలో పొగగొట్టం అన్న ఆలోచనే లేదు. గ్యాసు పొయ్యి, గోడకో ఎగ్జాస్టు ఫ్యాను, అంతే. చిమ్నీలు తర్వాత వచ్చాయి. గోడకు కన్నం వేసి, అల్యూమినియం రేకుతో చేసిన ముడతల గొట్టాన్ని బయటికో, బాత్రూముల వెనక ఉండే డక్టులోకో వదిలారు. ఈ డక్టు నీటి పైపుల కోసం వదిలిన ఖాళీ. పొగ కోసం దాన్ని ఎవరూ లెక్కగట్టలేదు.

సహజంగా పొగ పైకి లాగబడాలంటే లోపలి గాలి బయటి గాలికన్నా తేలికగా ఉండాలి. పది మీటర్ల గొట్టంలో 100 డిగ్రీల పొగ, బయట 30 డిగ్రీల గాలి ఉంటే పుట్టే ఒత్తిడి తేడా దాదాపు 21 పాస్కల్స్. రెండు మిల్లీమీటర్ల ఎత్తు నీరు కలిగించే ఒత్తిడి అంత. బయట సున్నా డిగ్రీలున్న దేశంలో అదే గొట్టానికి 34 పాస్కల్స్ వస్తాయి. మే నెలలో మనకు 40 డిగ్రీలున్నప్పుడు 18 కూడా రావు. ఇక డక్టులో పొగ 100 డిగ్రీలుండదు, చాలావరకు గది వేడే. మధ్యాహ్నం బయటి ఎండకన్నా నీడలోని డక్టు చల్లగా ఉంటే గాలి పైనుంచి కిందికే దిగుతుంది. సాయంత్రం పైరగాలి మేడమీది గోడను కొట్టి సుడి తిరిగినా అంతే.

ఇక ఫ్యాను విషయం. మోటారు ఇంటి లోపల, చిమ్నీలో ఉంటుంది. అది గాలిని గొట్టంలోకి నెడుతుంది, అంటే మోటారు నుంచి బయటి కొస దాకా గొట్టం లోపలి ఒత్తిడి బయటికన్నా ఎక్కువ. ఎక్కడ చిన్న సందు ఉన్నా జిడ్డుగాలి బయటికి చిమ్ముతుంది. నాలుగు ఇళ్ళు ఒకే డక్టులోకి నెడితే, చిమ్నీ ఆపేసి ఉన్న అయిదో ఇంట్లోకి ఆ గాలి వెనక్కి వస్తుంది. రెండో అంతస్తులో చేపల వేపుడు వాసన మూడో అంతస్తు పూజగదిలో తేలడానికి ఇదే కారణం, పొరుగువారి దురుద్దేశం ఏమీ లేదు. వెనక్కి రాకుండా ఆపే రేకు తలుపులు చిమ్నీ మీదే ఉంటాయి. జిడ్డు పట్టి అవి తెరుచుకున్నచోటే అతుక్కుపోతాయి, వాటిని ఎవరూ తుడవరు.

గొట్టం వెడల్పు మీద కక్కుర్తి పడినచోట ఫలితం ఇంకా దారుణం. గంటకు వెయ్యి ఘనపు మీటర్ల గాలి ఆరంగుళాల గొట్టంలో సెకనుకు సుమారు 16 మీటర్ల వేగంతో వెళ్తుంది. అంతే గాలిని నాలుగంగుళాల గొట్టంలోంచి పంపాలంటే ఒత్తిడి నష్టం ఏడు రెట్లకు పైగా పెరుగుతుంది, ఎందుకంటే అది వ్యాసపు అయిదో ఘాతంతో మారుతుంది. ఆరంగుళాల గొట్టంలో చుట్టూ అయిదు మిల్లీమీటర్ల జిడ్డు పట్టినా నష్టం 40 శాతం ఎక్కువ. మోటారు శబ్దం పెరిగిందని మెకానిక్కును పిలిచే ముందు గొట్టంలోకి టార్చి వేసి చూడటం మంచిది. ముడతల గొట్టం ప్రతి ముడతలోనూ జిడ్డు నిలుపుకుంటుంది, మధ్యలో కిందికి వేలాడితే అక్కడ నూనె గుంటే ఏర్పడుతుంది. నునుపైన గట్టి గొట్టం, బయటివైపు కొద్దిగా వాలుతో, వీలైనన్ని తక్కువ మలుపులతో వేయించుకోవాలి.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ కంగారు పెట్టేవి కింద టిఫిన్ హోటలు, పైన ఫ్లాట్లు ఉన్న భవనాలు. డెల్టా పట్టణాల్లో బస్టాండు చుట్టుపక్కల ఇలాంటివి ఎన్నో. ఉదయం పూరీల, వడల బాండీ మీది పొగ మొత్తం రేకు గొట్టంలో నాలుగంతస్తులు పాకుతుంది. గొట్టం గోడ బయట, గాలికీ వానకూ. కింది భాగం వేడిగా ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ రేకు చల్లబడుతుంది, నూనె అక్కడ అంటి మెల్లగా కిందికి కారుతుంది. బాండీ మంట ఎగిసి ఆ పొరను అంటించిందా, మంట నాలుగు బాల్కనీల పక్కనుంచి పైకి లేస్తుంది. ఫ్యానును కింద కాక పైకప్పు మీద పెడితే గొట్టమంతా పీల్పులో ఉంటుంది, సందులుంటే బయటి గాలి లోపలికి వస్తుందే తప్ప లోపలి జిడ్డు ఫ్లాట్లలోకి చిమ్మదు. అడుగున నూనె దిగే గిన్నె, ప్రతి మలుపు దగ్గరా తెరవగలిగే మూత ఉండాలి. మూత లేని గొట్టాన్ని శుభ్రం చేశామని ఎవరైనా చెబితే నేను నమ్మను. సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలిలోని ఉప్పుకు మామూలు 304 రకం స్టీలు మీద కూడా గుంటలు పడతాయి, 316 రకం ఖరీదెక్కువైనా నిలుస్తుంది.

పాత జిడ్డు ఎందుకంత మొండి అంటే, అది ఇప్పుడు నూనె కాదు. పొద్దుతిరుగుడు వంటి నూనెల్లో అసంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. వేడికి, గాలికి వాటి అణువులు ఒకదానికొకటి ముడిపడి వార్నిష్‌లాంటి పొర అవుతుంది. వారం నాటి జిడ్డు వేడినీళ్ళకూ గిన్నెలు తోమే సబ్బుకూ వదులుతుంది, ఏడాది నాటిది వదలదు. నిమ్మకాయ, వెనిగరు రుద్దమని చెప్పే చిట్కాలు ఇక్కడ దండగ. ఆమ్లం సున్నపు మరకను తీస్తుంది, నూనెను తీయాలంటే క్షారం కావాలి. వేడినీళ్ళలో బట్టల సోడా కలిపి స్టీలు ఫిల్టర్లను నానబెడితే కొవ్వు కొంత సబ్బుగా మారి ఊడివస్తుంది. అల్యూమినియం జాలీలను మాత్రం అందులో వేయకూడదు, అవి నల్లబడి తినేసినట్టవుతాయి. కాస్టిక్ సోడా అయితే అల్యూమినియంతో కలిసి మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువును వదులుతుంది, చర్మాన్నీ కాలుస్తుంది. ముడతల అల్యూమినియం గొట్టాన్ని కడగడానికి తంటాలు పడటంకన్నా మార్చేయడమే నయం.

వేపుళ్ళు ఎక్కువ చేసే ఇంట్లో ఫిల్టర్లను రెండు మూడు వారాలకోసారి, గొట్టాన్ని ఏడాదికోసారి చూడాలని నా అభిప్రాయం. వంట అయ్యాక చిమ్నీని మరో పది నిమిషాలు తిరగనిస్తే గొట్టంలో మిగిలిన ఆవిరి చల్లబడేలోపే బయటికి పోతుంది. శుభ్రం చేసే మనిషికి చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు ఇవ్వాలి. బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు వచ్చే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా క్యాన్సర్ కారకం’ వర్గంలో చేర్చింది.

చిమ్నీ జిడ్డు పేరుకుంటే కంటికి కనిపిస్తుంది, ముక్కుకు తెలుస్తుంది. గ్యాసు గీజరు పొగ అలా తెలియదు. పాత ఫ్లాట్లలో బాత్రూమ్ లోపలే గీజరు, పైన డక్టులోకి తెరుచుకునే చిన్న వెంటిలేటరు, చలికి దాన్ని కూడా అట్టతో మూసేయడం మామూలు. నిమిషానికి ఆరు లీటర్ల నీటిని కాచే గీజరు నాలుగైదు పొయ్యి బర్నర్లంత గ్యాసును కాలుస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో ఆక్సిజను తగ్గేకొద్దీ కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజనుకన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మగత వస్తాయి, ఆ మగతలోనే మనిషి పడిపోతాడు. నీలి మంట పసుపు రంగుకు తిరిగినా, గీజరు మీది రేకు నల్లబడినా అది సరిగా కాలడం లేదని గుర్తు, వెంటనే ఆపేయాలి. డక్టులో పావురాలు గూడు కట్టి వెంటిలేటరును మూసేశాయేమో కూడా చూడాలి, ఈ పక్షులకు మన డక్టులంటే మహా ఇష్టం. అయితే వెంటిలేటరు తెరిచి ఉంచినంత మాత్రాన సరిపోదు, పైనుంచి గాలి కిందికి దిగే డక్టు ఆ పొగను తిరిగి లోపలికే పంపగలదు. గీజరు ఉండాల్సింది గాలి ఆడే బాల్కనీలో. అక్కడికి మార్చడానికి కావాల్సింది ప్లంబరుకు ఒక పూట కూలి, కొన్ని అడుగుల వేడినీటి పైపు, గ్యాసు గొట్టానికి కొత్త క్లిప్పులు.